కనిపించకుండా పోయిన గది

డిటెక్టివ్ సాహిత్యం మీద మన విమర్శకులు ఏనాడో తీర్పు చెప్పేశారు. అది కాలక్షేపం, పలాయనవాదం, రైలెక్కేటప్పుడు కొని దిగేటప్పుడు సీటు మీద వదిలేసే సరుకు. ఈ తీర్పులో నిజం లేదని నేననను. కాని కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్‌ని చదవకుండా పెద్దవాళ్లయిన వారు మనలో ఎంతమంది? ఆరుద్ర వంటి అభ్యుదయ కవి కూడా అపరాధ పరిశోధక నవలలు రాశాడు. ఒక ప్రక్రియను తోసిపుచ్చే ముందు అది సమాజాన్ని గురించి ఏం చెబుతున్నదో, ఏం దాస్తున్నదో చూడటం విమర్శకుడి బాధ్యత. అందుకు ఒక పాత పారిస్ కథను తీసుకుంటున్నాను. దీనికి ఒక రచయిత అంటూ లేడు. నోటినుంచి నోటికీ, పత్రికనుంచి పత్రికకూ పాకిన కథ ఇది.

1889వ సంవత్సరం. ఫ్రెంచి విప్లవానికి నూరేళ్లు నిండిన సందర్భంగా పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతున్నది. ఈఫిల్ టవర్ కొత్తగా లేచింది. ఆ ఆరు నెలల్లో ప్రదర్శన చూసినవారి సంఖ్య 3 కోట్లు దాటింది. ఊళ్లో ఏ హోటల్లోనూ ఖాళీ లేదు. ఇండియానుంచి స్వదేశానికి తిరిగి వెళుతున్న ఒక ఇంగ్లీషు తల్లీ కూతురూ అక్కడ దిగుతారు. తల్లికి ఒంట్లో బాగాలేదు. హోటల్ డాక్టరు వచ్చి చూసి, మేనేజరుతో ఏదో గుసగుసలాడి, మందు తెమ్మని కూతుర్ని ఊరి ఆ చివరికి పంపిస్తాడు. గుర్రబ్బండి నత్తనడక నడుస్తుంది. ఆ పిల్ల తిరిగి వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి.

“మా అమ్మ ఎలా ఉంది?” అని అడుగుతుంది.

“ఏ అమ్మ? మీరు ఒంటరిగానే వచ్చారు కదా!” అంటాడు గుమాస్తా.

రిజిస్టరులో ఆమె సంతకం ఒక్కటే ఉంది. పైకి పరుగెత్తితే గది ఉన్నది కాని ఆ గది కాదు. గోడలకు అంటించిన కాగితం వేరు, తెరలు వేరు, మంచం వేరు. డాక్టరు ఆమెను ఎన్నడూ చూడలేదంటాడు. రాయబార కార్యాలయం వాళ్లు జాలిగా చూసి ఊరుకుంటారు. కొన్ని కథనాల్లో ఆ పిల్లకు మతి చలిస్తుంది. కొన్నింటిలో ఎవరో సాయపడితే నిజం బయటపడుతుంది. తల్లికి వచ్చింది ప్లేగు. ఆమె చనిపోయింది. ఆ మాట పొక్కితే హోటలూ మునుగుతుంది, ప్రదర్శనా మునుగుతుంది. అందుకని శవాన్ని రహస్యంగా దాటించి, రాత్రికి రాత్రి గది రూపే మార్చేశారు.

ఇది జరిగిన సంగతేనని నమ్మినవారు చాలామంది ఉన్నారు. అమెరికన్ రచయిత అలెగ్జాండర్ వూల్‌కాట్ దీన్ని తన 1934 నాటి పుస్తకంలో చెప్పి, మూలం కోసం వెతికి వెతికి ఒక పత్రికా శీర్షిక దగ్గర ఆగిపోయాడు. కొన్ని కథనాల్లో ఆ హోటల్ పేరు క్రియాన్. ఆ భవనం హోటలుగా తెరుచుకున్నది 1909లో! చారిత్రక సత్యంగా కథ అక్కడే కూలిపోతుంది. కాని కట్టుకథలు ఎవరి భయాలనుంచి పుడతాయన్నది కూడా చరిత్రే.

మొదట పరిశోధకురాలి సంగతి చూద్దాం. ఎడ్గార్ ఆలన్ పో సృష్టించిన డ్యూపిన్ ఈ ప్రక్రియకు మూలపురుషుడు. న్యూయార్క్‌లో 1841లో మేరీ రోజర్స్ అనే యువతి కనిపించకుండా పోయి హడ్సన్ నదిలో శవమై తేలింది. పో ఆ ఉదంతాన్నే పారిస్‌కు మార్చి మరుసటి ఏడు కథ మొదలుపెట్టాడు. అందులో డ్యూపిన్ కుర్చీలో కూర్చుని, పత్రికలు చదివి తర్కం నడుపుతాడు. ఆ పిల్ల అతనికి ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అతని బలమని ఆ ప్రక్రియ మనల్ని నమ్మిస్తుంది. హోమ్స్ వరకూ అదే వరస. దుఃఖం ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్లది, బుద్ధి పరిశోధకుడిది.

పారిస్ కథ ఈ విభజనను చెరిపేసింది. ఇక్కడ పరిశోధన చేసేది దుఃఖంలో ఉన్న కూతురే. కాదు, ఆమెకు ఆ దుఃఖం కూడా దక్కలేదు. శవం లేదు, సమాధి లేదు, చనిపోయిందన్న కబురు కూడా లేదు. ఏడవాలంటే ముందు తనకొక తల్లి ఉండేదని గుమాస్తా ముందు రుజువు చేసుకోవాలి. ఆమె దగ్గరున్న సాక్ష్యమల్లా జ్ఞాపకం. రిజిస్టరు ముందు జ్ఞాపకం నిలవదు. కాగితం ఎవరి చేతిలో ఉంటే నిజం వారిదే అన్న సంగతి మన పల్లెల్లో భూమి తగాదాలు ఎరిగినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇక నేరస్థుడెవరు? మామూలు డిటెక్టివ్ నవలలో చివరి పేజీలో ఒకణ్ణి పట్టుకుంటారు. వాడిని తీసేస్తే సమాజం శుభ్రం. ఆ ప్రక్రియ వర్గ స్వభావమంతా ఆ చివరి పేజీలో ఉంది. ఈ కథలో అలా పట్టుకోవడానికి ఎవరూ దొరకరు. మేనేజరు హోటల్ని కాపాడాడు. డాక్టరు ఒక చీటీ రాశాడు. బండివాడు చెప్పినట్టు నెమ్మదిగా తోలాడు. గుమాస్తా ఒక అబద్ధం ఆడాడు. ఒక్కడికీ ఆ తల్లి మీద ద్వేషం లేదు. ఎవరి ఉద్యోగం వారు చేశారు. అన్నీ కలిస్తే ఒక మనిషి లోకంలో లేకుండా పోయింది. వ్యాపారం అనే ఈ నేరస్థుడికి బేడీలు వేయడం డిటెక్టివ్ నవలకు చేతకాదు.

అందుకే తర్వాత వచ్చినవాళ్లు కథను మెత్తబరిచారు. బెల్లాక్ లౌండెస్ 1913 నాటి నవలలో తల్లికి బదులు కొత్తగా పెళ్లయిన భర్త మాయమవుతాడు. ఆమె ముగింపును మెత్తబరచలేదు, అది మెచ్చుకోవలసిన విషయం. ఆంథొనీ థోర్న్ 1947 నవల ఆధారంగా 1950లో వచ్చిన బ్రిటిష్ సినిమాలో మాయమయ్యేది అన్న. ఒక యువ చిత్రకారుడు సాయానికి వస్తాడు, అన్న ఆసుపత్రిలో ప్రాణాలతోనే దొరుకుతాడు. హిచ్‌కాక్ 1938లో తీసిన సినిమా ఇదే తరహా కథను రైలెక్కించి గూఢచారుల్ని ప్రవేశపెట్టింది. గొప్ప వినోదమే, నేనూ ఆనందించాను. కాని దుర్మార్గులు దొరికారు కనుక వ్యాపారం నిర్దోషిగా బయటపడింది.

ఇంకో విషయం మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. కథాకాలం 1889. అప్పటికి బొంబాయిలో ప్లేగు లేదు. అది బయటపడింది 1896లో. ఈ కథ అమెరికన్ పత్రికల్లో కనిపించడం మొదలైంది కూడా 1890ల చివరనే. బొంబాయి ఓడలంటే యూరప్ రేవులు వణికిన రోజులవి. రుజువు చూపలేను కాని, ఆ భయమే ఎనిమిదేళ్లు వెనక్కి నడిచి ప్రదర్శన కాలంలో బస చేసిందని నా అభిప్రాయం. ఆ 1897లోనే పూనాలో సైనికులు ఇళ్లలో జొరబడి, అనుమానం వచ్చినవారిని ఆసుపత్రులకూ శిబిరాలకూ తరలించారు, సామాను తగలబెట్టారు. ప్లేగు కమిటీ అధికారి ర్యాండ్ మీద చాపేకర్ సోదరులు జూన్ 22న కాల్పులు జరిపింది ఆ కసితోనే. తల్లిని ఎక్కడికి తీసుకుపోయారో తెలియక వాకిట్లో నిలబడ్డ కూతుళ్లు అక్కడ ఎందరుండి ఉంటారు! వాళ్లు లోకం చుట్టూ తిరిగే కథ కాలేదు. ఇండియా ఆ కథలో జబ్బు పుట్టిన చోటుగా మాత్రమే మిగిలింది.

ఈ కథను ఒకసారి మా బళ్లో పదో తరగతి పిల్లలకు చెప్పాను. ఊపిరి బిగబట్టి విన్నారు. ప్లేగు మాట రాగానే చాలామంది హోటలు పక్షానికి వెళ్లిపోయారు. “నిజం చెబితే జనం తొక్కిసలాటలో చచ్చేవాళ్లు కదండీ, వాళ్లు చేసింది మంచిదే” అన్నాడొకడు. నేను కొంచెం నివ్వెరపోయాను. కాని తప్పు వాడిది కాదు, కథ కట్టుబడిలోనే ఉంది. చిక్కుముడి విడిన సంతోషంలో ఆ పిల్లను మరిచిపోతాం. ‘ఎందుకు’ అన్నదానికి జవాబు దొరికితే చాలు, ‘ఎవరి కోసం’ అని అడగం.

వెనక బెంచీలో ఒక అమ్మాయి, తండ్రి ఇళ్లకు సున్నాలు వేస్తాడు, లేచి నిలబడింది.

“రాత్రికి రాత్రి ఆ గోడకాగితం పీకి కొత్తది అంటించినవాళ్లకి జబ్బు సంగతి చెప్పారా మాస్టారూ?” అని అడిగింది.

కొన్ని కథనాల్లో చివరకు నిజం చెప్పేది అలాంటి పనివాడే. చెప్పి కథలోంచి తప్పుకుంటాడు. ఆ గదిలో తెల్లవార్లూ పనిచేసి ఇంటికి వెళ్లాక అతనేమయ్యాడో, ఆ ఇంట్లో ఎవరెవరున్నారో నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. లేదనే ఆ అమ్మాయితో చెప్పాను.