పులస కోసం పడవెక్కే ముందు

గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, మా కపిలేశ్వరపురంలో ఏ ఇంట్లో విన్నా పులస మాటే! హైదరాబాదు నుంచి చుట్టాల ఫోన్లు కూడా మొదలవుతాయి. "వదినా, ఈసారి పడవ మీద వెళ్ళి, కళ్ళెదుటే పట్టించి, గట్టు మీదే వండుకుందాం" అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఏర్పాట్లన్నీ చూడాల్సింది మనమే కదండీ! అందుకే అనుభవం మీద తెలిసిన నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందు చేప సంగతి. పులస అసలు సముద్రపు చేప. అక్కడ ఉన్నంతసేపూ దాన్ని విలస అంటారు. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీదుకుంటూ గోదావరి పాయల్లోకి వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక దాని దారికి అక్కడ అడ్డు పడింది. మా గౌతమి రేవులు ఆ దారిలోనే ఉన్నాయి. అమెరికాలో సాల్మన్ చేప కూడా ఇలాగే సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుందిట. దాన్ని గాలాలతో పడతారు. మన పులస మాత్రం నీటిలోని సన్నటి నాచు, కంటికి ఆనని జీవుల్ని తిని బతికేది. ఎరకి లొంగదు, వలే వెయ్యాలి. కనుక మీవారు కొత్త గాలం కొంటానంటే వద్దని చెప్పండి!

రోజు ఎంచుకోవడం

జూలై నుంచి సెప్టెంబరు దాకా పులసల కాలం. మేం చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. మూడేళ్ళ క్రితం మా ఆడపడుచు వాళ్ళకి సెలవు రెండు రోజులే ఉందని, ముందే తేదీ ఖాయం చేసి పడవ మాట్లాడుకున్నాం. తీరా ఆ పొద్దున్నే ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అంటే బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరిందన్నమాట. రెండోది 13.75 దగ్గర, మూడోది 17.75 దగ్గర ఇస్తారు.

"మొదటిదే కదా, గంటలో వచ్చేద్దాం" అన్నారు మావారు. పిల్లలు చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నారు. బయానా పుచ్చుకున్న పడవ తాత నోరు మెదపలేదు. నాకేమో 1986 ఆగస్టు వరదలో మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని గట్టు మీంచి చూపించిన నీళ్ళు గుర్తొచ్చాయి. "పిల్లల్ని ఎక్కనివ్వను" అనేశాను. ఆడపడుచు ముఖం ముడుచుకుంది. అప్పుడన్నాడు తాత, "నీరు చూసుకుని రావాలండమ్మగారూ, సెలవు చూసుకుని కాదు" అని. సాయంత్రానికి మేం ఎక్కాల్సిన రేవు మెట్లు కనపడలేదు. ఆ తర్వాత ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "మంచి పని చేశావు వదినా" అంది.

వెంట తీసుకెళ్ళాల్సినవి

ముందు రోజు రాత్రి, బయల్దేరే ముందు మరోసారి వార్తల్లో నీటిమట్టం చూడండి. హెచ్చరిక ఉంటే మానెయ్యండి. తలా ఒక లైఫ్ జాకెట్ లేనిదే పడవెక్కకండి. చేప పడినా పడకపోయినా ఇచ్చే కూలీ ముందే మాట్లాడుకోండి. ఒక్కటీ పడని రోజులు చాలానే ఉంటాయి. అందుకే పులిహోర, పెరుగన్నం కట్టుకోండి. మంచినీళ్ళు, గొడుగులు, పొడి కట్టెలు, మట్టిదాక మరిచిపోకండి. చింతపండు పులుసు తీసి సీసాలో పోసుకుంటే గట్టు మీద పని తేలిక.

పులస పడితే

దాకలో నూనె వేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గనివ్వండి. ఉప్పు, పసుపు, కారం వేసి చింతపండు పులుసు పొయ్యండి. మరిగాక ముక్కలు, బెండకాయలు వేసి సన్నసెగన ఉడికించండి. గరిటె పెడితే ముక్క చెదురుతుంది, దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పండి. దించేముందు ఆవకాయ మీది నూనె ఒక చెంచా వెయ్యండి. కొంత ఇంటికి తెచ్చి మర్నాడు తినండి, రుచి అప్పుడు తెలుస్తుంది. ముళ్ళు ఎక్కువ, చిన్నపిల్లలకి తీసి పెట్టండి.

అన్నట్టు, ఆ రోజు ఉత్తచేతులతో ఇంటికి రాలేక మావారు దారిలో ఎక్కువ ధర పెట్టి కొన్నది పులస కాదు, విలస! పులుసు తిన్నాక గానీ తెలియలేదు.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు పెద్దలు. తినండి, కాదనను. కానీ పుస్తె కట్టినవాణ్ణీ, కన్నపిల్లల్నీ వరదనీటి మీదకి పంపి తినాల్సినంత రుచి ఏ పులసకీ లేదు.