నీడ కూడా సదఖాయే

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి, పశువు, పక్షి ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. ఆ మొక్క ఏటి ఒడ్డున పెరిగితే దాని మేలు నీటిలోని ప్రాణులకూ అందుతుంది.

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు సెలయేళ్లలో బ్రూక్ ట్రౌట్ అనే చేప ఉంది. చల్లని, స్వచ్ఛమైన నీరే దానికి జీవనాధారం. అది శరత్కాలంలో గులకరాళ్ల నడుమ గుడ్లు పెడుతుంది. ఒడ్డున చెట్లు నరికివేస్తే ఎండకు నీరు వేడెక్కుతుంది. కొట్టుకువచ్చిన మట్టి గులకరాళ్లను కప్పివేయగా, ప్రాణవాయువు అందక గుడ్లు నశిస్తాయి. 1959లో మిషిగన్ రాష్ట్రంలో ఏర్పడిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ స్వచ్ఛంద సేవకులు ఇటువంటి ఏటి ఒడ్డులలో తిరిగి చెట్లు నాటుతున్నారు. ఆ మొక్కలు పెరిగి నీటిపై నీడ పరచడానికి ఏళ్లు పడుతుంది. నాటినవారు అందరూ ఆ నీడను చూడకపోవచ్చు. చేప వారికి కృతజ్ఞతలు చెప్పదు.

అయినా ఆ శ్రమ వృథా కాదు. భూమి మనకు అప్పగించబడిన అమానత్. వాడుకునే హక్కు ఉన్న మనకు, పాడైనదానిని చక్కదిద్దే బాధ్యత కూడా ఉంది. మన ఊరి వాగులో, చెరువులో చెత్త వేయకుండా ఉందాం. ఒడ్డున ఒక్క మొక్కనైనా నాటి, అది నిలదొక్కుకునే వరకు కాపాడుదాం. ఫలితాన్ని మనం చూడకపోయినా, మన శ్రమను అల్లాహ్ చూస్తున్నాడు. ఆయన మనకు ఈ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.