బైలాదిలా పోరుకు పల్లెలే నిధి

పర్యావరణ ఉద్యమాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న దేశంలో తరచు తలెత్తుతోంది. బస్తర్ ప్రాంతంలోని దంతెవాడ జిల్లా గిరిజనులు 2019 జూన్‌లో ఈ ప్రశ్నకు తమదైన జవాబు చెప్పారు.

బైలాదిలా కొండల్లోని 13వ నంబరు ఇనుప ఖనిజ నిక్షేపం తవ్వకానికి 315 హెక్టార్లకు పైగా అటవీ భూమిని కేటాయించారు. హైదరాబాద్ కేంద్రంగా గల ఎన్.ఎం.డి.సి., ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థల ఉమ్మడి కంపెనీకి దక్కిన ఈ గనిలో తవ్వకం కాంట్రాక్టు అదానీ సంస్థకు లభించింది. అక్కడి నందరాజ్ కొండ గిరిజనులకు దైవం.

జూన్ 7న వేలాది మంది కిరండూల్‌లోని ఎన్.ఎం.డి.సి. కార్యాలయం ఎదుట బైఠాయించారు. తిండిగింజలు, వంటపాత్రలు ఇళ్ల నుంచే తెచ్చుకున్నారు. 2014లో హిరోలి గ్రామసభ ఇచ్చినట్లు చూపిన ఆమోదం బూటకమని వారు ఆరోపించారు. రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేతను నిలిపి, విచారణకు ఆదేశించింది. ఆ తీర్మానం నకిలీదని 2020లో విచారణ తేల్చింది.

కాగా, అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటు విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించింది. విదేశీ నిధులు పొందిన సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. పెద్ద సంస్థల ద్వారా ఈ నిధులు అందుకునే చిన్న బృందాలకు ఆ దారి మూసుకుపోయింది.

ఇంటి బియ్యంతో ధర్నా వారం రోజులు సాగవచ్చు. అయితే రికార్డుల నకళ్లు, న్యాయవాదుల ఫీజులు, బిలాస్‌పూర్ హైకోర్టుకు ప్రయాణాలు ఏళ్ల తరబడి సాగే ఖర్చులు. అడవిని కాపాడుకునే అధికారాన్ని 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారాన్ని నిలబెట్టుకునే ఖర్చు మాత్రం గ్రామాల మీదనే పడుతోంది.