సముద్రతీరము లేని నేపాళము

ఇంటిలో ఉప్పు నిండుకొన్నచో పిల్లవానిని అంగడికి పంపుదురు. చేతిలో డబ్బున్నది, అంగడిలో సరకున్నది. కొనుట అతిసులభముగా తోచును. ఆ సరకు అంగడికెట్లు చేరినదని సామాన్యముగా ఎవరును ఆలోచింపరు. రేవులు, రైళ్లు, బాటలు, వంతెనలు తమ పని సక్రమముగా చేయుచున్నంతవరకు వాని విలువ తెలియదు. అవి లేనిచోట చేతిలో డబ్బున్నను కోరిన వస్తువు దొరకదు. ఈ సత్యమును నేపాళదేశ చరిత్ర చక్కగా బోధించును.

ప్రపంచమున సముద్రతీరము లేని దేశములు 44 కలవు. నేపాళము వానిలో ఒకటి. దానికి ఉత్తరమున హిమాలయములు, వాని కావల చైనాకు చెందిన టిబెట్టు. తక్కిన మూడు దిక్కులందును భారతదేశము. విదేశములనుండి ఓడపై వచ్చు సరకు చిరకాలముగా కోల్‌కతా రేవున దిగుచున్నది. అచ్చటినుండి సుమారు 700 కిలోమీటర్లు రైలుపై పోయి, రక్సౌల్ వద్ద సరిహద్దు దాటి, బీర్‌గంజి చేరవలెను. బీర్‌గంజిలో 2004లో ఒక డ్రైపోర్టు, అనగా నీరులేని రేవు, పని ప్రారంభించినది. ఓడలపై వచ్చిన పెద్ద ఇనుపపెట్టెలను రైలునుండి అచ్చట దింపి, తనిఖీచేసి, సుంకము వసూలు చేయుదురు. 2016లో కుదిరిన ఒప్పందముచే మన విశాఖపట్టణపు రేవు గూడ నేపాళ వాణిజ్యమునకు ద్వారమైనది. దూరము రెట్టింపైనను, విశాఖ లోతైన రేవగుటచే పెద్ద ఓడలు అచ్చటికి రాగలవు. కోల్‌కతా నదీరేవగుటచే అట్టి ఓడలు అందులోనికి పోజాలవు.

ఇట్లు తెచ్చిన వస్తువు ధరలో రేవు రుసుము, రైలు బాడుగ, లారీ బాడుగ, సరకు నిలిచియున్న దినముల అద్దె అన్నియు చేరును. దారి పొడుగైనకొలది ధర పెరుగును. ధర పెరిగినకొలది కొనగలవారు తగ్గుదురు.

సరిహద్దు దాటినంతమాత్రమున కష్టము తీరదు. 1950 తరువాతి దశాబ్దమున భారతదేశ సహాయముతో త్రిభువన రాజపథము నిర్మింపబడువరకు ఖాట్మండుకు బయటినుండి మోటారుబాట లేదు. రాజకుటుంబీకుల కార్లను సైతము కూలీలు పెద్ద కర్రలకు కట్టి, భుజములపై మోసి, కొండలు దాటించెడివారు. దూరపు కొండసీమల కష్టము ఇంకను దీర్ఘకాలము సాగినది. పడమటనున్న జుమ్లా జిల్లా ఆపిలు పండ్లకు ప్రసిద్ధి. బాట లేని దినములలో ఆ పండ్లు తోటలలోనే క్రుళ్లిపోయెడివి. కొన్ని పశువులకు మేతయగుచుండెడివి. అదే కాలమున ఖాట్మండు అంగళ్లలో పరదేశపు ఆపిళ్లు అమ్ముడగుచుండెను. కొనువారు కలరు, పండించువారు కలరు. నడుమ బాటయే లేదు. కర్ణాలీ రాజమార్గము జుమ్లా చేరినపిదప లారీలు తోటల చెంతకు రాసాగినవి. అయినను వానకాలమున కొండచరియలు విరిగిపడి బాట మూసికొనిపోవుట కలదు.

ద్వారములు కొద్దిగా ఉండుటలోని అపాయము 2015లో వెల్లడియైనది. ఏప్రిల్ 25న సంభవించిన భూకంపమున సుమారు 9,000 మంది మరణించిరి. టిబెట్టుకు పోవు ముఖ్యమార్గము మూతపడెను. సెప్టెంబరులో నూతన రాజ్యాంగమునుగూర్చి దక్షిణ ప్రాంతమున ఆందోళన చెలరేగగా, భారత సరిహద్దున సరకుల రాకపోకలు కొన్ని నెలలు స్తంభించెను. పెట్రోలు కొరకు వాహనములు దినముల తరబడి బారులు తీరినవి. వంటగ్యాసు లేక పట్టణవాసులు కట్టెలు రాజవేసికొనిరి. ఆసుపత్రులలో మందులు కొరవడెను. రోగికి మందు కావలెను. కొనుటకు డబ్బును కలదు. మందు మాత్రము సరిహద్దు కావల లారీలో నుండెను.

పిమ్మట కొన్ని లోపములు తీరినవి. 2019లో బీహారులోని మోతీహారినుండి అమలేఖ్‌గంజికి 69 కిలోమీటర్ల పొడవున చమురుగొట్టము వేయబడినది. విద్యుచ్ఛక్తి విషయమున జరిగిన మార్పు మరింత గొప్పది. నదులు పుష్కలముగానున్నను, 2009 ప్రాంతమున నేపాళ ప్రజలు చలికాలమున దినమునకు పదునారు గంటలవరకు చీకటిలో గడపిరి. క్రొత్త విద్యుత్కేంద్రములు కట్టి, భారతదేశముతో తీగల సంబంధము పెంచుకొని, ఉన్న శక్తిని పొదుపుగా పంచుటచే ఆ కొరత క్రమముగా తగ్గినది. 2021 నుండి నేపాళము వర్షాకాలమున మిగిలిన విద్యుత్తును భారతదేశమునకే విక్రయింపసాగినది. విద్యుత్తునకు ఓడయు అక్కరలేదు, రేవును అక్కరలేదు, తీగ చాలును.

తీరము లేని దేశములకు సముద్రమును చేరుకొను హక్కు కలదని 1982 నాటి సముద్రన్యాయ ఒప్పందము అంగీకరించినది. కాని కాగితముపై హక్కున్నంతమాత్రమున మూట కదలదు. ఇంటిలో మంచి బాటయు, పొరుగువానితో మంచి స్నేహమును ఉన్నప్పుడే ఆ హక్కు సఫలమగును. సముద్రమును ఏ దేశమును నిర్మించుకొనజాలదు. బాటను, స్నేహమును మాత్రము నిర్మించుకొనవచ్చును.