కరెంటు పోయినా చదువు ఆగకూడదు



మద్నూర్ హాస్టల్‌లో మేము చదివిన రోజుల్లో పరీక్షలూ కరెంటు కోతలూ ఒక్కసారే వచ్చేవి. ఒక్క కందీలు చుట్టూ ఏడెనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. ఒకనాడు పక్కనే పెళ్ళివారి జనరేటర్ వెలుగు కిటికీ దాకా వస్తే పుస్తకాలు పట్టుకొని అటు జరిగాం. వెలుగు దొరికింది గానీ ఆ చప్పుడుకు ఒక్క ముక్క తలకెక్కలేదు. చదువుకు వెలుగెంతో నిశ్శబ్దమూ అంతేనని ఆనాడు తెలిసింది.

ఆనాటి కోతలు ఇప్పుడు తగ్గాయి. అయినా గాలివానకు తీగ తెగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా చీకటి తప్పదు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న మిత్రులు ఏది కొనాలని అడుగుతున్నారు. మాకు తెలిసింది చెబుతాం.

జనరేటర్ పెద్ద బరువు మోస్తుంది. కానీ దానికి చప్పుడు, పొగ, పెట్రోలు ఖర్చు ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్ల మధ్య రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబెల్స్ దాటరాదు. అంతకంటే ముఖ్యం, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. ఇంట్లో గానీ, వరండాలో గానీ నడిపితే నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

ఇంటికి ఇన్వర్టరే మేలు. సైన్ వేవ్ రకం తీసుకోండి. స్క్వేర్ వేవ్ రకంపై ఫ్యాను గుయ్యిమంటుంది. ఇక లెక్క చూద్దాం. 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1800 వాట్-గంటల శక్తి ఉంటుంది. ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడాలి. ఇన్వర్టర్‌లో పోయేది పోగా సుమారు 800 మిగులుతుంది. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు కలిపి 186 వాట్లు. అంటే నాలుగు గంటలు వస్తుంది. అదే 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు పెడితే మొత్తం 96 వాట్లే. ఎనిమిది గంటలు వస్తుంది! కాబట్టి పెద్ద బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి. బోరు మోటారును మాత్రం దీనికి కలపకండి. మోటారు మొదలయ్యేటప్పుడు చాలా రెట్లు కరెంటు గుంజుతుంది.

మామూలు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అందుకే గాలి ఆడే చోట పెట్టి, నిప్పును దూరంగా ఉంచాలి. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోయరాదు.

కప్పు మీద సోలార్ పెట్టాం, ఇక చింత లేదని కొందరు అనుకుంటారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను బాగుచేసేవారికి షాక్ తగలకుండా చేసిన ఏర్పాటది. జనరేటర్‌నూ ఛేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కు కలపరాదు. మన ఇంటి కరెంటు తీగల వెంట వెనక్కి పోయి స్తంభం మీది లైన్‌మన్ ప్రాణం తీయగలదు. అతడూ మనలాంటి ఇంటి బిడ్డే కదా!

తమ్ముళ్ళారా, ఓం సూత్రం మార్కుల కోసమే కాదు. రేపు మీ ఇంట్లో దీపం వెలిగించేదీ, ఇంకొకరి ప్రాణం నిలిపేదీ ఆ లెక్కే. బాగా చదవండి.