ట్రాక్టరు ఇంజను వెనక సీలు - నూనె కారకుండా బిగించుకొనుట



ఊడ్పుల కాలం వచ్చిందంటే ట్రాక్టరుకు ఊపిరి సలపదు. కాలువకు నీరు వచ్చింది, నారు అందివచ్చింది, దమ్ము కోసం నలుగురు రైతులు గట్టుమీద కాచుకుని ఉన్నారు. సరిగ్గా అటువంటప్పుడే క్లచ్చి జారడం మొదలుపెడుతుంది. ఇంజను మోత పెరుగుతుంది గాని బండి కదలదు. వంగి చూస్తే ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ ఉన్న గూడు అడుగునుంచి నల్లని నూనె బొట్లుబొట్లుగా దిగుతూ ఉంటుంది. "వెనక సీలు పోయిందండీ, కొత్తది వేసేద్దాం" అంటాడు మేస్త్రీ. ఆ మాట నిజమే కావచ్చు. కాని కొత్త సీలు వేసినంత మాత్రాన నూనె ఆగుతుందని అనుకోరాదు. ఆగకపోతే ట్రాక్టరును మళ్ళీ రెండుగా విడదీయవలసిందే. సీలు ఖరీదు కొద్దిపాటిదే. విడదీసి కలిపే కూలి, చేజారిన అదును, వీటి ఖరీదే పెద్దది.

ముందుగా ఈ సీలు ఎక్కడున్నదో చెప్పుకుందాం. ఇంజను పొడవునా క్రాంకు షాఫ్టు అనే ఇరుసు తిరుగుతూ ఉంటుంది. దాని వెనక కొస ఇంజను దిమ్మ దాటి బయటికి వచ్చి ఫ్లైవీలును మోస్తుంది. ఇరుసు తిరగాలి, లోపలి నూనె మాత్రం బయటికి రాకూడదు. అందుకోసం ఇరుసు చుట్టూ ఉండే కట్టే ఈ వెనక సీలు. ఫ్లైవీలును ఆనుకునే క్లచ్చి ప్లేటు ఉంటుంది గనుక ఇక్కడ కారిన నూనె ప్లేటుకు పట్టి దానిని కూడా చెడగొడుతుంది. నూనె తాగిన ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసేవారున్నారు. నాలుగు రోజులు పనిచేస్తుంది, వేడెక్కగానే లోపలి నూనె పైకి తేలుతుంది. అది నేను ఒప్పను.

మా మేనమామగారి ట్రాక్టరుకు ఒకే సార్వాలో రెండుసార్లు ఈ సీలు మార్చారు. రెండవసారి మార్చమన్నది నేనే. డిప్లొమా చదివినవాణ్ణి కదా, మొదటి సీలు నాసిరకం అయివుంటుందని తేల్చేశాను. కొత్తది వేసిన పది రోజులకు మళ్ళీ తడి. "ఏరా అల్లుడూ, నీ చదువు దీనికి పనికిరాలేదా?" అన్నారాయన నవ్వుతూనే. ఆ సాయంత్రం తీరుబడిగా ఇంజను చుట్టూ తిరిగి చూస్తే ఊపిరి గొట్టం కొసలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంది. తీగతో పొడిచి తీసేశాము. వారం తిరగకముందే తడి ఆగింది. ఆ రెండవ సీలే ఇప్పటికీ దానిలో ఉంది. క్లచ్చి ప్లేటు అప్పటికే నూనె తాగి ఉండటం చేత కోతలయ్యాక దానికోసం మూడోసారి విడదీయక తప్పలేదు.

సంగతేమంటే, ఇంజను నడిచేటప్పుడు పిస్టను రింగుల పక్కనుంచి కొంత వాయువు కిందనున్న ఆయిల్ చాంబరులోకి జారుతూనే ఉంటుంది. దానిని బయటికి వదిలేదే ఊపిరి గొట్టం, మేస్త్రీలు బ్రీదరు అంటారు. అది మూసుకుంటే లోపల వత్తిడి పెరిగి, సందు దొరికినచోట నూనెను తోస్తుంది. వెనక సీలు దగ్గర ఆ సందు తేలికగా దొరుకుతుంది. కాబట్టి ట్రాక్టరును విడదీయకముందే గొట్టం కడిగి చూడవలెను. తరువాత ఇంజను మెల్లగా నడుస్తుండగా నూనె పోసే మూతను వదులుచేసి, ఊరికే పైన ఆనించి ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తే రింగులు అరిగినట్లు. అట్టి ఇంజనుకు ఎంత మంచి సీలు వేసినా నిలవదు, ముందు రింగుల పని చూసుకోవలెను. కొలపుల్ల మీద పై గీత దాటి నూనె పోయడం కూడా ఇటువంటి తప్పే. కొలత ఎప్పుడూ చదునైన నేలమీదనే చూడాలి.

అసలు కారుతున్నది ఏ నూనె? వేళ్ళమధ్య నలిపి చూడండి. ఇంజను నూనె నల్లగా పలచగా ఉంటుంది. గేరుపెట్టె నూనె చిక్కగా ఉండి ఘాటు వాసన కొడుతుంది. అదైతే తప్పు గేరుపెట్టె ముందు సీలుది. ఇంజను నూనే అయినా పైన టాపెట్ మూత ప్యాకింగు నుంచి కారి దిమ్మ వెనకగా కిందికి దిగి ఉండవచ్చు. డీజిలుతో ఇంజను వెనక భాగం కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి, అరగంట నడిపితే తడి ఏ దారిన వచ్చిందో పౌడరే చెబుతుంది. ఇంకొక మాట. క్లచ్చి గూడు అడుగున కొన్ని ట్రాక్టర్లకు చిన్న రంధ్రం ఉంటుంది. దమ్ములో బురదనీరు చొరకుండా దానికి బిరడా పెడతాము. దమ్ము అయ్యాక తీయడం మరచిపోతే కారిన నూనె పోయే దారి లేక గూటిలోనే నిలిచిపోతుంది. క్లచ్చి జారేదాకా మనకు తెలియదు.

ఇన్నీ చూసి, తప్పు సీలుదేనని తేలిన తరువాతనే విడదీయండి. గట్టి చదును నేల ఉండాలి. బ్యాటరీ తీగ తీసేసి, వెనక చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెట్టవలెను. ముందు ఇరుసు నడుమ కీలు మీద ఊగేది గనుక, దానికీ పై భాగానికీ మధ్య రెండు వైపులా చెక్క చీలలు దిగగొట్టకపోతే విడిపోయిన ఇంజను పక్కకు ఒరుగుతుంది. మనిషి ప్రాణానికే ముప్పు. ఇటుకలు పేర్చి ఆనించడం ససేమిరా పనికిరాదు.

ఫ్లైవీలు తీశాక పాత సీలును వెంటనే పెకలించకండి. అది ఎంత లోతున కూర్చుందో కొలిచి రాసుకోండి. షాఫ్టును పైకి కిందికి ఎత్తి చూడండి. గిలగిల కొట్టుకుంటే వెనక మెయిను బేరింగు అరిగినట్లే, సీలు కన్నా ముందు దాని సంగతి చూడాలి. సీలు తీసేటప్పుడు ఉలి గానీ స్క్రూడ్రైవరు గానీ షాఫ్టుకు తగలరాదు. ఒక్క గీత పడినా నూనెకు అదే కాలువ.

తరువాత షాఫ్టు మీద సీలు ఆనిన చోట గోటితో గీరి చూడండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్లు. కొత్త సీలు పెదవి ఆ గాడిలోనే కూర్చుంటే నూనె ఆగదు. సీలు గూటిలో చోటు ఉంటే, తయారీదారు ఒప్పుకున్నంత మేరకు కొద్దిగా లోపలికో వెలుపలికో జరిపి, పెదవి నున్నటి చోట ఆనేటట్లు చూడవచ్చు. చోటు లేకపోతే షాఫ్టుకు పలచని ఉక్కు తొడుగు తొడిగించాలి. చిన్న తుప్పు, మరక ఉంటే సన్నని ఉప్పుకాగితం నూనెలో తడిపి షాఫ్టు చుట్టూ తిప్పుతూ రుద్దవలెను. పొడవుగా రుద్దితే పడే గీతలు నూనెను బయటికి నడిపిస్తాయి.

ఈనాడు ఎక్కువ ఇంజన్లకు వచ్చేది గుండ్రని రబ్బరు పెదవి సీలు. స్ప్రింగు ఉన్న పెదవి ఇంజను లోపలివైపుకు, అంటే నూనె వైపుకు ఉండాలి. సీలు మీద బాణం గుర్తు ఉంటే షాఫ్టు తిరిగే దిక్కుతో సరిచూసుకోండి. పెదవికి కొంచెం ఇంజను నూనె రాయండి, స్ప్రింగు ఊడిపోకుండా దాని గాడిలో కాస్త గ్రీజు పట్టించండి. అయితే తెల్లగానో గోధుమరంగుగానో ఉండి స్ప్రింగు లేని టెఫ్లాన్ పెదవి సీళ్ళు కూడా వస్తున్నాయి. వాటిలో చాలా వాటిని నూనె తగలకుండా పొడిగానే ఎక్కించవలెను. పెట్టెలో వచ్చిన కాగితం ఏమి చెబితే అదే చేయండి. షాఫ్టు అంచు పదునుకు పెదవి కోసుకుపోకుండా సీలుతో వచ్చిన తొడుగు వాడాలి. అది లేకపోతే పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను షాఫ్టుకు చుట్టి, దాని మీదుగా జార్చి, తరువాత లాగేయవచ్చు. సుత్తితో ఒక పక్కన కొట్టడం వల్ల చెడిన సీళ్ళే ఎక్కువని నా అనుభవం. సీలు అంచుకు సరిపడే గొట్టపు ముక్క ఆనించి, చుట్టూ ఎదురెదురుగా చిన్నచిన్న దెబ్బలతో దించి, నాలుగు చోట్ల లోతు కొలిస్తే నాలుగూ సమానంగా రావలెను.

పాత మాసీ ఫెర్గూసన్ 35, 135 వంటి ట్రాక్టర్లలోని పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్లది వేరే పద్ధతి. వాటిలో తాడు సీలు ఉంటుంది. రెండు అరచక్రపు గూళ్ళలో రెండు తాడు ముక్కలు. పాత తాడులో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉంటుంది. దానిని పొడిగా గీకరాదు, ఊదరాదు. తడిపి తీసి సంచిలో కట్టి పారవేయండి, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. కొత్త తాడు పెట్టేటప్పుడు రెండు కొసలూ అంగుళం మేర ముందుగా గాడిలో కూర్చోబెట్టాలి. కొసలు గూడు ముఖం కన్నా 0.25 నుంచి 0.50 మిల్లీమీటరు వరకు పైకి ఉండాలి. నడుమ ఉబ్బిన భాగాన్ని మధ్యనుంచి మొదలుపెట్టి అణచుకుంటూ వచ్చి, గుండ్రని కడ్డీతో దొర్లించి నున్నగా సర్దవలెను. "కొసలు పొడుచుకొస్తున్నాయి" అని బ్లేడుతో సమంగా కోసేవారిని చూశాను. ఆ పిసరంత మిగులే రెండు ముక్కలూ ఒకదానినొకటి నొక్కుకోవడానికి ఆధారం. తాడు లోపలి ముఖానికి గ్రాఫైటు గ్రీజు, గూళ్ళు కలిసే ముఖాలకు మాత్రం పలచగా జాయింటు పేస్టు రాయండి. అరలు రెండూ బిగించాక గూడును షాఫ్టు మీద అటూ ఇటూ తిప్పి తాడును సర్ది, అప్పుడు దిమ్మకు బిగించండి.

ఏ రకమైనా, గూడు అడుగు అంచు ఇంజను దిమ్మ అడుగుతో ఒకే మట్టంలో ఉండాలి. ఉక్కు బద్ద ఆనించి చూడండి. వెంట్రుకవాసి తేడా ఉన్నా చాంబరు ప్యాకింగు మూలల్లో నూనె కారి, పాపం సీలు మీదికి వస్తుంది. కొన్ని ఇంజన్లలో ఫ్లైవీలు బోల్టుల రంధ్రాలు లోపలి నూనెదాకా పోతాయి. వాటి మరలకు సీలెంటు రాయకపోతే కూడా అంతే.

ట్రాక్టరును కలిపి, నూనె గీత వరకే పోసి, గూడు అడుగు రంధ్రానికి బిరడా లేదని చూసుకుని గంటసేపు నడపండి. ఆ రాత్రి రంధ్రం కింద తెల్లకాగితం పరచండి. తాడు సీలైతే మొదట్లో కాస్త చెమర్చడం వింత కాదు, తాడు షాఫ్టుకు సర్దుకున్నాక ఆగుతుంది. రబ్బరు సీలైతే కాగితం తెల్లవారేసరికి తెల్లగానే ఉండాలి. మొదటి రోజు దమ్ము ముగిశాక బిరడా తీసి మరొక్కసారి చూడండి.