ఒక్క కానీ పెంచితే కలకత్తా ఎందుకు భగ్గుమంది?

1953 జులై 1న కలకత్తా ట్రాముల్లో రెండో తరగతి టికెట్ ఒక్క పైసా పెరిగింది. అప్పటి పైసా రూపాయిలో 64వ వంతు. మన పెద్దవాళ్లు కానీ అనేవారు. పాత డబ్బాలో నడుమ చిల్లున్న కానీ దొరికితే అరచేతిలో పెట్టుకు చూడండి, 1943-47 మధ్య ముద్రించింది. అంత చిన్న నాణెం కోసం నగరం అట్టుడికిపోయింది. జనం పాత చార్జీయే ఇస్తామన్నారు, తర్వాత ట్రాములెక్కడమే మానేశారు. లాఠీలు, అరెస్టులు, తగలబడిన ట్రాములు. చివరికి పెంపు ఆగింది.

ఇంతకీ భారమెంత? రానూపోనూ రోజుకు రెండు పైసలు, 26 పనిదినాలకు 52. అంటే నెలకు 13 అణాలు, రూపాయికి మూడణాలు తక్కువ. పేదింట్లో అది చిన్న మొత్తమేమీ కాదు. అయినా నడిచి కాళ్లు అరగదీసుకోవడం, జైలుకెళ్లడం అంతకన్నా నష్టం కదా?

ఇలాంటి సందేహాన్నే 1982లో జర్మనీ ఆర్థికవేత్త వెర్నర్ గ్యూత్, ఇద్దరు సహచరులు ఒక ఆటతో పరీక్షించారు. మన లెక్కలో చెప్పుకుందాం. ఇద్దరికి కలిపి వంద రూపాయలు. ఒకరు పంచుతారు. రెండోవారు సరేనంటే ఎవరి వాటా వారిది, కాదంటే ఇద్దరికీ సున్నా. పది రూపాయలు దొరికినా లాభమే. అయితే ఇరవైకి అటూఇటూ ఇస్తే దాదాపు సగం సార్లు వద్దనేస్తారు.

2003లో అలన్ సాన్‌ఫే బృందం 19 మందిని ఈ ఆట ఆడిస్తూ మెదడు స్కాన్ తీసింది. అన్యాయపు వాటా రాగానే ఇన్సులా చురుకైంది. ఇది మెదడు మడతల లోపల ఉండే భాగం. నొప్పికీ రోతకీ కూడా స్పందిస్తుంది. అది ఎంత చురుకైతే అంతగా వాటాను తిప్పికొట్టారు.

మరి ఇది డబ్బు తక్కువైందన్న బాధేనా? కాదు. అదే వాటాను కంప్యూటర్ ఇస్తే వద్దనేవాళ్లు తగ్గారు. ఎంత ఇచ్చారన్నదొక్కటే కాదు, ఎవరిచ్చారన్నదీ మెదడు చూస్తుంది.

1953 నాటి మెదళ్లను ఎవరూ స్కాన్ చేయలేదు కాబట్టి ఈ అన్వయం నాది. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లయినా ట్రాము కంపెనీ బ్రిటిష్‌వాళ్లదే. చార్జీ పెంచిందీ వాళ్లే. ఉద్యమకారులు ఉచిత ప్రయాణం అడగలేదు. పాత చార్జీ లెక్కపెట్టి కండక్టర్ ముందు పెట్టారు. ఆ పైన అడిగిన కానీ మాత్రం ఇవ్వం అన్నారు.